పిల్లల మాట రాని మెరిట్టు

2020 ఏప్రిల్ 22న, దేశమంతా లాక్‌డౌన్‌లో తలుపులు వేసుకుని ఉన్నప్పుడు, సుప్రీంకోర్టులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఒక తీర్పు చెప్పింది. చేబ్రోలు లీలాప్రసాదరావుకీ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ మధ్య నడిచిన కేసు అది. షెడ్యూల్డ్ ప్రాంతాల బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇవ్వాలన్న జీవో నంబర్ 3 చెల్లదని తేల్చేసింది. గూడెంలో సిగ్నల్ ఉన్నవాళ్లకి ఆ వార్త ఆ రోజే తెలిసింది. లేనివాళ్లకి తర్వాతి డీఎస్సీ నోటిఫికేషన్ చూసినప్పుడు తెలిసింది.

ఆ తీర్పులో ఒక ప్రశ్న ఉంది. గిరిజన పిల్లలకి గిరిజనులే చదువు చెప్పాలనడం ఏం పద్ధతి, అక్కడే నివసించే మిగతావాళ్లు ఎందుకు చెప్పకూడదు, మాకు అర్థం కావడం లేదు అని కోర్టు అంది. అప్పటినుంచి మనం ధర్నాలు చేశాం, బంద్‌లు చేశాం, ఐటీడీఏ ఆఫీసుల ముందు కూర్చున్నాం. ఎన్నికలు వచ్చినప్పుడల్లా జీవో 3ని తిరిగి తెస్తామనే మాట వింటూనే ఉన్నాం. ఆ ప్రశ్నకి జవాబు మాత్రం మనం గట్టిగా చెప్పలేదు. "మా ఉద్యోగాలు మాకే" అన్నాం. అది న్యాయమైన మాటే, నేనూ ఆ జీవో ఉన్న రోజుల్లో ఎంపికైన టీచరునే. కానీ కోర్టు అడిగింది ఉద్యోగం గురించి కాదు, చదువు గురించి. చదువు గురించే జవాబు చెప్పాలి. మన దగ్గర జవాబు లేక కాదు, దాన్ని మన సర్టిఫికెట్ల కింద పెట్టి మరిచిపోయాం.

మన కోయలో "ఏర్" అంటే నీళ్లు. తెలుగులో ఏరు అంటే వాగుకన్నా పెద్దది. మన "నార్" అంటే ఊరు. తెలుగులో నారు పోస్తారు, పీకుతారు, నాటుతారు. మన "ఉండి" అంటే ఒకటి. తెలుగు పంతులు "ఇంటి దగ్గర ఉండి చదువుకో" అంటాడు. అయిదేళ్ల పిల్ల ఒకటో తరగతిలో కూర్చుని ఈ మాటలు వింటుంటే, ఆమెకి ఏమీ అర్థం కాకపోవడం ఒక్కటే ఇబ్బంది అయితే బాగుండేది. ఆమెకి వేరేది అర్థమవుతుంది. "ఏరు దాటి వచ్చావా?" అని అడిగిన సారుకి ఆ పిల్ల నీళ్ల సీసా చూపిస్తే, పక్క సారుతో "వీళ్లకి బుర్ర తక్కువ" అని నవ్వుకునేవాళ్లని స్టాఫ్‌రూముల్లో చూస్తూనే ఉన్నాం. బుర్ర తక్కువ ఎవరికి? అదే మాటకి రెండు అర్థాలు ఉంటాయని పిల్లకి తెలియదు సరే, అరవై వేల జీతం తీసుకునే మనిషికి తెలియాలి కదా.

చాలామంది అంటారు, కోయ తెలుగుకి దగ్గరే కదా, పిల్లలు ఆరు నెలల్లో పట్టేస్తారు అని. పడతారు, నిజమే. పిల్లలు దేన్నయినా పడతారు. కానీ ఆ ఆరు నెలల్లో, చాలామందికి అది రెండేళ్లు అవుతుంది, అక్షరం నేర్చుకోవలసిన కాలం అక్షరం లేకుండా పోతుంది. బోర్డు మీద ఉన్నది చూసి దించుకుంటారు. చేతిరాత ముత్యాల్లా ఉంటుంది, చదవమంటే రాదు. మూడో తరగతికి వచ్చేసరికి తీసివేతలో అరువు తెచ్చుకోవడం నేర్పాలి. దానికి ముందు "అరువు" అంటే ఏమిటో వాళ్ల మాటలో చెప్పే మనిషి కావాలి. ఆ మనిషి లేకపోతే ఆ లెక్క అలాగే అయిదుకి, అయిదు నుంచి ఆశ్రమ పాఠశాలకి, అక్కడి నుంచి పదో తరగతి గణితం పేపరు దాకా వెళ్తుంది. పదిలో ఫెయిలయ్యాక "గిరిజన విద్యార్థుల్లో గణితం బలహీనం" అని మీటింగ్‌లో ఒక స్లైడు వేస్తారు.

ఇక మనం టీచర్ని ఏం చూసి ఎంచుతున్నామో చూడండి. ఎస్జీటీ పోస్టుకి డీఎస్సీ పరీక్ష 160 ప్రశ్నలు, ఒక్కోదానికి అర మార్కు, మొత్తం 80. టెట్ వెయిటేజీ 20. అందులో జనరల్ నాలెడ్జి ఉంది, విద్యా దృక్పథాలు ఉన్నాయి, మనస్తత్వ శాస్త్రం ఉంది. పియాజే ఏమన్నాడు, వైగాట్‌స్కీ ఏమన్నాడు అని అడుగుతారు. పిల్లవాడు తనకి తెలిసినదాని మీద ఆనుకుని తెలియనిది నేర్చుకుంటాడని వైగాట్‌స్కీ చెప్పాడు, దానికి బిట్టు కూడా వస్తుంది. ఆ బిట్టుకి సరైన జవాబు గుర్తించి ఉద్యోగం తెచ్చుకున్న మనిషిని చర్ల మండలంలోనో చింతూరు మండలంలోనో ఒక గూడేనికి పంపుతారు. అక్కడ పిల్లలకి తెలిసిన భాష అతనికి తెలియదు. ఆనుకోవడానికి ఏం మిగిలింది? నూరు మార్కుల్లో ఒక్క మార్కు, అర మార్కు అయినా, నువ్వు పాఠం చెప్పబోయే పిల్లల మాట నీకు వచ్చా అని అడగదు. దీన్ని మెరిట్ అంటున్నారు.

ఇదేదో కుదరని కోరిక అనుకునేవాళ్లకి ఒక్క సంగతి చెప్తాను. అదే డీఎస్సీ నోటిఫికేషన్‌లో ఉర్దూ మీడియం పోస్టులు విడిగా ఉంటాయి. ఆ పోస్టుకి అప్లై చేసేవాళ్లు ఉర్దూలో చదివి ఉండాలి. ఆంధ్రలో సరిహద్దు జిల్లాల్లో ఒడియా, తమిళం, కన్నడం మీడియం పోస్టులు కూడా అంతే. టెట్‌లో మొదటి భాషగా ఉర్దూ, హిందీ, కన్నడం, తమిళం ఎంచుకోవచ్చు. ఇది వందశాతం రిజర్వేషన్ అని ఎవరూ కోర్టుకి వెళ్లలేదు. వెళ్లరు కూడా, ఎందుకంటే అది రిజర్వేషన్ కాదు, అర్హత. ఉర్దూ రాని మనిషి ఉర్దూ బడిలో పాఠం చెప్పలేడని అందరికీ తెలుసు. కోయ రాని మనిషి కోయ పిల్లలకి ఒకటో తరగతి చెప్పగలడని మాత్రం ఎలా నమ్మారు? మన భాష వాళ్ల లెక్కలో భాష కాదు కాబట్టి. యాస అంటారు, మాండలికం అంటారు, "వాళ్లలో వాళ్లు ఏదో మాట్లాడుకుంటారు" అంటారు. 2011 జనగణనలో కోయ మాట్లాడేవాళ్లు 4 లక్షల పైచిలుకు, గోండి మాట్లాడేవాళ్లు 29 లక్షల పైచిలుకు అని భారత ప్రభుత్వమే అచ్చు వేసింది. ఎనిమిదో షెడ్యూల్లో రెండూ లేవు. సంతాలీ 2003లో చేరింది, పోరాడి చేరింది.

కోర్టు ప్రశ్నకి నా జవాబు ఇదే. అక్కడ నివసించే మిగతావాళ్లు చెప్పొచ్చు. తప్పకుండా చెప్పొచ్చు. పిల్లల భాష వస్తే చాలు. దుమ్ముగూడెంలో కోయవాళ్ల పక్క ఇంట్లో పుట్టి, వాళ్లతో గొడ్లు కాసి, వాళ్లతో కోయలోనే తిట్టుకుంటూ పెరిగిన మాల మాదిగ పిల్లలు ఉన్నారు. జీవో 3 వాళ్లని బయట నిలబెట్టిందని కోర్టు అంది. ఎస్సీలకి, బీసీలకి రావలసింది రాకుండా పోయిందన్న ఆ ఒక్క మాటని మనవాళ్లు కోపంతో కొట్టిపారేశారు. నేను కొట్టిపారేయను. ఆ పిల్లకి కోయ వస్తే, ఆమె డి.ఎడ్ చేస్తే, మా గూడెం బడికి రానివ్వండి. భాష అర్హత పెట్టి చూడండి, జాబితాలో ఎవరు మిగులుతారో. నూటికి తొంభై మంది మనవాళ్లే మిగులుతారని నా నమ్మకం. మిగిలిన పదిమంది కూడా మన పిల్లలకి పనికొచ్చేవాళ్లే అవుతారు.

ఇక్కడ మనవాళ్లతోనూ కొంచెం గట్టిగా మాట్లాడాలి. జీవో 3 ఎస్టీ సర్టిఫికెట్ అడిగింది, 1950 జనవరి 26 నుంచి తామో తల్లిదండ్రులో ఏజెన్సీలో ఉంటున్నట్టు రుజువు అడిగింది. భాష అడగలేదు. అందుకని తెలుగు తప్ప ఇంకేమీ రాని కొండదొర సారు సవర గూడేనికి వెళ్లాడు, పాడేరులో పుట్టి పెరిగిన టీచరు కువి మాట్లాడే ఊరికి వెళ్లింది. వాళ్లూ ఆదివాసులే, మైదానం సారు కంటే ఆ పిల్లల్ని ఎక్కువ గౌరవంగా చూశారు, అది నేను ఒప్పుకుంటాను. కానీ మొదటి రోజు ఆ తరగతి గదిలో జరిగింది అదే. మన చదువుకున్న పిల్లల్లో సగం మందికి ఇప్పుడు తమ భాష సరిగ్గా రాదు. ఆశ్రమ పాఠశాలలో తెలుగు మాట్లాడకపోతే కొట్టారు, ఇంటికొచ్చాక కోయ మాట్లాడటానికి సిగ్గుపడ్డారు. వాళ్లే రేపు సర్టిఫికెట్ పట్టుకుని "నేను స్థానికుణ్ని" అంటారు. దానికి తోడు, భద్రాచలంలో కాపురం పెట్టి, రోజూ పదకొండుకి వచ్చి మూడింటికి వెళ్లే మనవాళ్లు లేరా? తన బదులు పది పాసైన కుర్రాణ్ని పెట్టి మూడు వేలు ఇచ్చి సంతకాలు పెట్టే మనవాళ్లు లేరా? బదిలీ పంతులు అనే మాట ఏజెన్సీలో పిల్లలకి కూడా తెలుసు. మైదానం వాళ్లు మాత్రమే ఇది చేస్తారని చెప్తే గూడెంలో ముసలమ్మ కూడా నవ్వుతుంది.

అయితే ఒక తేడా చెప్పాలి, ఇది మన పక్షపాతం కాదు, ప్రభుత్వం తయారు చేసిన లెక్క. బదిలీల కౌన్సెలింగ్‌లో పాయింట్లు ఉంటాయి. ఆంధ్రలో పట్టణానికి దగ్గరున్న ఒకటో కేటగిరీ బడికి ఏడాదికి ఒక పాయింటు, రోడ్డు లేని నాలుగో కేటగిరీ బడికి అయిదు పాయింట్లు. తెలంగాణలోనూ పద్ధతి అలాంటిదే. కొండ మీద కష్టపడ్డవాళ్లకి ప్రతిఫలం ఇవ్వాలన్నది ఉద్దేశం, మంచిదే. జరిగేది ఏమిటంటే, మన గూడెం పాయింట్లు సంపాదించుకునే చోటు అయింది. వస్తారు, కొన్నేళ్లు ఉంటారు, పిల్లల మాట నాలుగు ముక్కలు వచ్చేసరికి పాయింట్లు పండుతాయి, రోడ్డు మీది బడికి వెళ్లిపోతారు. వాళ్లని తప్పు పట్టను. వాళ్లకీ పిల్లలున్నారు, ముసలి తల్లిదండ్రులున్నారు. కానీ ఎక్కడివాడో ముందే తెలిసి, ఎప్పుడు వెళ్తాడో కూడా ముందే తెలిసిన మనిషిని నియమిస్తూ, దాన్ని నాణ్యత అనకండి. ఏజెన్సీలో పుట్టిన టీచరు బదిలీ అయినా పక్క మండలానికే వెళ్తుంది. అక్కడ కూడా అదే మాట, అదే పండుగ, అదే ఇప్పపువ్వు కాలం.

ఇక్కడే ఇంకో మాట. మైదానం నుంచి వచ్చి, పదేళ్లు ఉండి, కోయ నేర్చుకుని, కోయలో పాట కట్టి పిల్లలతో పాడించిన సారులు కొందరున్నారు. ప్రతి ఐటీడీఏలో అలాంటి ఇద్దరు ముగ్గురి పేర్లు ఊళ్లవాళ్లు చెప్తారు. వాళ్లని చూపించి "చూశారా, ఎవరైనా చెప్పొచ్చు" అంటారు. నేనూ వాళ్లనే చూపిస్తాను. వాళ్లు మంచి పంతుళ్లు అయింది డీఎస్సీలో ర్యాంకు వచ్చిన రోజున కాదు, కోయ వచ్చిన రోజున. ఆ నేర్చుకోవడానికి ప్రభుత్వం వాళ్లకి ఒక్క రోజు శిక్షణ ఇవ్వలేదు, ఒక్క పాయింటు ఇవ్వలేదు. రోడ్డు లేనందుకు అయిదు పాయింట్లు ఇచ్చేవాళ్లు భాష నేర్చుకున్నందుకు ఒక్క పాయింటు ఇవ్వలేరా?

ఇది కొత్తగా నేను కనిపెట్టింది కాదు. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీముని చంపిన తర్వాత, నిజాం ప్రభుత్వం గోండులకి ఏం కావాలో తెలుసుకోమని హైమండార్ఫ్‌ని పంపింది. ఆయన 1943లో మార్లవాయిలో ఒక శిక్షణ కేంద్రం పెట్టించాడు. అంతో ఇంతో చదువు వచ్చిన గోండు యువకుల్ని తెచ్చి, వాళ్లనే పంతుళ్లుగా తయారు చేసి, గోండిలో వాచకాలు రాయించి, తిరిగి వాళ్ల ఊళ్లకే పంపారు. ఎనభై ఏళ్ల కిందట, నిజాం రాజ్యంలో, ఒక పరదేశి మానవ శాస్త్రవేత్తకి అర్థమైన సంగతి, ప్రజాస్వామ్యంలో విద్యాశాఖకి ఇప్పటికీ అర్థం కాలేదు. తర్వాత ఆ బడులు మామూలు విద్యాశాఖ బడులయ్యాయి, గోండి వాచకం పోయింది, గోండి రాని పంతులు వచ్చాడు. మళ్లీ 1986లో జీవో 275, గవర్నరుకి అయిదో షెడ్యూలు ఇచ్చిన అధికారంతో. 1989లో ట్రిబ్యునల్ కొట్టేసింది. 2000 జనవరి 10న జీవో 3. 2001లో హైకోర్టు మెజారిటీ తీర్పుతో నిలబెట్టింది. 2020లో పోయింది. పుట్టడం, కొట్టేయడం, మళ్లీ పుట్టడం, మళ్లీ కొట్టేయడం. ఆ మధ్యలో ఒకటో తరగతిలో చేరిన పిల్లలు తాతలయ్యారు.

తీర్పు మా నియామకాల్ని రద్దు చేయలేదు. ఇకముందు ఇలా చేయకూడదనే షరతు మీద వదిలేసింది. కాబట్టి ఇప్పుడు బడిలో ఏ తేడా కనిపించదు. మేం రిటైరవుతూ పోతుంటే కనిపిస్తుంది. మా తరం ఒక్కొక్కరూ ఖాళీ చేసిన కుర్చీ మామూలు రోస్టర్‌లోకి వెళ్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఎస్టీలకి 6 శాతం. నూరు పాయింట్ల రోస్టర్‌లో మన అంకెలు 8, 25, 33, 58, 75, 83. రోస్టరు కొత్తగా మొదలైతే, ఒక కేటగిరీలో ఏడు ఖాళీలు ఉంటే మనకి సున్నా. ఇరవై నాలుగు ఉంటే ఒకటి. జనాభాలో మనం ఎక్కువగా ఉన్న కొండల మీది బడికి, రాష్ట్రం మొత్తానికి కొలిచిన గజంబద్దతో కొలుస్తున్నారు. తెలంగాణలో 2022లో 10 శాతం చేశారు, కొలబద్ద కొంచెం పొడుగైంది, అంతే.

ఇంకా, ఈ పరీక్షలు ఎప్పుడొస్తాయో చూడండి. తెలంగాణలో 2017 తర్వాత మళ్లీ 2024లో, 11,062 పోస్టులకి. ఆంధ్రలో 2018 తర్వాత మళ్లీ 2025లో, 16,347 పోస్టులకి. ఏడేసి సంవత్సరాలు. ఈ ఏడేళ్లు మైదానం అభ్యర్థి అవనిగడ్డలోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో గది తీసుకుని చదువుతాడు. మన పిల్ల ఏడేళ్లు ఆకు కోస్తూ, మిర్చి ఏరుతూ, పెళ్లి చేసుకుని, ఒక బిడ్డని కని, నోటిఫికేషన్ వచ్చాక పాత డి.ఎడ్ పుస్తకాల మీద బూజు దులుపుతుంది. ఆ పరీక్షలో ఎవరికి ఎక్కువ మార్కులు వస్తాయో చెప్పడానికి జ్యోతిషం అవసరం లేదు. ఆ మార్కులు కోచింగ్‌ని కొలుస్తాయి, బడిని కాదు.

ఆ ఏడేళ్లు ఏజెన్సీ బడులు ఎవరి మీద నడిచాయి? ఇది అడగాల్సిన అసలు ప్రశ్న. విద్యా వాలంటీర్లు, సీఆర్టీలు, అకడమిక్ ఇన్‌స్ట్రక్టర్లు, భాషా వాలంటీర్లు. పేర్లు మారతాయి, మనిషి ఒకడే, గూడెం పిల్లవాడు. తెలంగాణలో విద్యా వాలంటీరుకి నెలకి 12,000 ఇచ్చారు, సెలవులకి లేదు, 2020లో బడులు మూతపడ్డాక ఆ పనే లేకుండా పోయింది. ఆంధ్రలో ఆదివాసీ భాషా వాలంటీర్లకి నెలకి 5,000. వీళ్లకి మెరిట్ అడగలేదు, కోచింగ్ అడగలేదు, వందశాతం గిరిజనులేనా అని ఏ కోర్టూ అడగలేదు. తక్కువ కూలికి మనం వందశాతం పనికొస్తాం. స్కేలు ఉన్న పోస్టు రాగానే మనకి అర్హత తగ్గిపోతుంది. ఆశ్రమ పాఠశాలలో పదేళ్లు, పన్నెండేళ్లు సీఆర్టీగా చేసి, రాత్రి జ్వరం వచ్చిన పిల్లల్ని ఆటోలో పీహెచ్‌సీకి తీసుకెళ్లి, పదో తరగతి బ్యాచ్‌లు దాటించిన వాళ్లు, రెగ్యులర్ టీచరు రాగానే మర్నాడు ఇంటికి వెళ్తారు. కొత్తగా వచ్చినవాళ్లు ఏ పిల్ల ఏ ఊరిదో ఆ పాతవాళ్లకి ఫోన్ చేసి కనుక్కుంటారు.

ఏకలవ్య బడుల సంగతి చూస్తే ఈ కథ ఢిల్లీ దాకా వెళ్లింది. 2023-24 బడ్జెట్‌లో 740 ఏకలవ్య పాఠశాలలకి 38,800 మంది టీచర్లని, సిబ్బందిని నియమిస్తామన్నారు. విని సంతోషించాం. అంతకుముందు మన దగ్గర గురుకులం సొసైటీలు నియమించుకునేవి. ఇప్పుడు దేశమంతటికీ ఒకే పరీక్ష, అందులో హిందీ తప్పనిసరి. ఎంపికైనవాళ్లలో చాలామంది ఉత్తరాది నుంచి వచ్చారు. వాళ్లు చదువుకున్నవాళ్లే, పాపం ఊరు కాని ఊరు వచ్చి అన్నం సాంబారుతో కుస్తీ పడుతున్నవాళ్లే. వాళ్లకి కోయ సంగతి అటుంచి తెలుగు రాదు, మన పిల్లలకి హిందీ రాదు. మధ్యలో ఇంగ్లీషు ఉందిగా అంటారు. ఆరో తరగతిలో చేరిన కొండరెడ్డి పిల్లవాడికీ, రాజస్థాన్ నుంచి వచ్చిన టీచరుకీ మధ్య ఇంగ్లీషు ఎంత ఉంటుందో ఆ బడి కిటికీ దగ్గర పావుగంట నిలబడితే తెలుస్తుంది. వచ్చిన నెల నుంచి వాళ్లు సొంత రాష్ట్రానికి బదిలీ కోసం చూస్తుంటారు. గిరిజనుల కోసం పెట్టిన బడి, గిరిజన మంత్రిత్వ శాఖ డబ్బు, గిరిజనుడు ఒక్కడే పిల్లల బల్ల మీద.

డి.ఎడ్ గురించి రెండు మాటలు. 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు ప్రాథమిక తరగతులకి బీఈడీ చాలదని, చిన్నపిల్లలకి చెప్పడం వేరే విద్య అని, దానికి డి.ఎడ్ వంటి శిక్షణే కావాలని తేల్చింది. మంచి తీర్పు. చిన్నపిల్లల చదువు ప్రత్యేకమైన పని అని కోర్టు ఒప్పుకున్నట్టే. ఆ తర్కాన్ని ఇంకొక్క అడుగు వేయించాలి: తెలుగు ఇంట్లో మాట్లాడని చిన్నపిల్లలకి చెప్పడం ఇంకా ప్రత్యేకమైన పని. డైట్‌లో రెండేళ్ల కోర్సులో ఆ పని గురించి చెప్పేది ఎంత? ఇక 2025 సెప్టెంబరు 1 తీర్పు ప్రకారం, అయిదేళ్లకి మించి సర్వీసు మిగిలి ఉన్న పాత టీచర్లు కూడా రెండేళ్లలో టెట్ పాసు కావాలి. నలభై దాటాక మళ్లీ బిట్లు బట్టీ పడుతున్నాం. పడతాం. ఆ టెట్‌లో మొదటి భాషగా కోయ ఉంటే ఇంకా సంతోషంగా రాసేవాళ్లం.

పుస్తకాల్లేవు, లిపి లేదు, ఎలా పరీక్ష పెడతారు అనేవాళ్లు ఒక్కసారి వెనక్కి చూడాలి. 2004 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో గోండి, కోయ, కొలామి, కువి, కొండ, సవర, ఆదివాసీ ఒడియా, బంజారా, ఈ ఎనిమిది భాషల్లో తెలుగు లిపితోనే ఒకటో తరగతి నుంచి వాచకాలు వేశారు. పుస్తకాలు వచ్చాయి, పోస్టులు రాలేదు. ఆ పుస్తకం చదివి చెప్పగలిగిన మనిషిని నియమించాలన్న నిబంధన రాయలేదు. అందుకే చాలా చోట్ల అవి బీరువాల్లో చెదలకి పాఠం చెప్పాయి. విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ వీలైనంత వరకు మాతృభాషలో బోధించాలంటోంది. 2020 జాతీయ విద్యా విధానం అయిదో తరగతి దాకా ఇంటి భాషలో అంటోంది. ఇంటి భాష రాని టీచరు ఇంటి భాషలో ఎలా బోధిస్తాడో ఆ రెండు కాగితాలూ చెప్పవు.

కాబట్టి మనం అడగవలసినవి కొంచెం మార్చుకోవాలి. జీవో 3 కోసం పోరాటం ఆపమని నేను అనడం లేదు. అయిదో షెడ్యూలు మనకి ఇచ్చిన రక్షణకి అర్థం ఏమిటో తేలేదాకా అది సాగాలి. ఆ పక్కనే, కోర్టు అడ్డుకోలేని దారి కూడా తెరవాలి. ఏజెన్సీ ప్రాథమిక బడుల్లో ఒకటి, రెండు తరగతుల టీచరు పోస్టుల్ని ఉర్దూ పోస్టుల్లాగే కోయ పోస్టులు, గోండి పోస్టులు, సవర పోస్టులు అని నోటిఫై చేయాలి. మాట్లాడటం పరీక్షించడానికి గూడెం పెద్దలు కూడా కూర్చునే బోర్డు ఉండాలి. ఓఎంఆర్ షీటుతో ఆ పరీక్ష కుదరదు. వాలంటీర్లుగా, సీఆర్టీలుగా చేసిన ఏళ్లకి మార్కులు ఇవ్వాలి. మైదానం నుంచి వచ్చినవాళ్లకి రెండేళ్లలో భాష పరీక్ష పెట్టాలి, పాసైతే ఇంక్రిమెంటు ఇవ్వాలి. గుత్తికోయ వలస గూడేల్లో బడి ఉంటే, ఆ పిల్లలకి సర్టిఫికెట్ ఉన్నా లేకపోయినా, వాళ్ల మాట వచ్చిన టీచరే ఉండాలి.

దీనికి ముందు చిన్న పని ఒకటి ఉంది, అది మన చేతిలోనే ఉంది. యూడైస్‌లో ప్రతి పిల్లవాడి పేరు పక్కన మాతృభాష అనే గడి ఉంటుంది. ఏజెన్సీ బడుల్లో చాలా చోట్ల దాంట్లో తెలుగు అని నింపి పంపేస్తున్నారు. ఆన్‌లైన్‌లో సర్వరు కదలదు, సీఆర్‌పీ ఫోన్ మీద ఫోన్ చేస్తాడు, ఏదో ఒకటి నొక్కేస్తారు. తర్వాత మనం వెళ్లి "కోయ పోస్టులు కావాలి" అంటే, మీ మండలంలో కోయ మాట్లాడే పిల్లలు ఎంతమంది అని పీవో కంప్యూటర్లో చూస్తాడు. సున్నా వస్తుంది. ఈ జూన్‌లో బడి తెరిచాక, పేర్లు ఎక్కించేటప్పుడు, ఒకటో తరగతి పిల్లల్ని వాళ్ల మాటలో పలకరించి, ఏ మాటలో జవాబు వచ్చిందో ఆ భాషే ఆ గడిలో రాయండి. సాయంత్రం ఆ ప్రింటవుట్ ఒక కాపీ గ్రామసభకి ఇవ్వండి.